బొటనవేలి చట్టం

ఆయన పోయిన సంగతి నాకు టీకొట్టులో తెలిసింది. లమ్మడా పేట వైపు పని పడినప్పుడల్లా ఆ కొట్టు ముందు ఒక్క క్షణమైనా ఆగడం నాకు అలవాటు. అప్పుడే వాన వెలిసింది. గొడుగు ముడుచుకుంటూ ఆయన కూర్చునే మూలకేసి చూశాను. ఖాళీ గదుల వివరాలు రాసి గోడకు ఆనించి ఉండే నల్ల పలక లేదు. ఆ బల్ల దగ్గర వేరే బ్రోకర్లు ఇద్దరు ఫోన్లలో మునిగి ఉన్నారు. కొట్టు యజమాని నన్ను గుర్తుపట్టి, అడక్కముందే "ఊజీ వెళ్ళిపోయాడు" అన్నాడు బర్మా భాషలో. ఎక్కడికి అని అడిగాను, పిచ్చిదాన్ని. కొట్టు మీది అటకగదిలో మధ్యాహ్నం పడుకున్నవాడు మళ్ళీ లేవలేదట.

ఊజీ అంటే ఇక్కడ పెద్దాయన అని. అసలు పేరు ఆ వీధిలో ఎవరూ వాడగా నేను వినలేదు. అమ్మ అన్నయ్యా అనేది, నేను మావయ్యా అనేదాన్ని. నిద్రలో పోవడం ఆయనకు తగినట్టే ఉందని మొదట అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. టీ తాగకుండానే బస్సెక్కి, మేముండే తాకేటా వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆయన ఇళ్ళ బ్రోకరు. ఈ మాట చెప్పగానే మీకు నోటితో వలలు వేసే మనిషి ఒకడు కనిపిస్తే అది నా తప్పు కాదు, ఈ ఊళ్ళో అలాంటి వాళ్ళు వీధికొకరున్నారు. ఈయన మాత్రం సగం నిద్రలో ఉన్నట్టుండేవాడు. బక్కపలచని మనిషి, మోకాళ్ళ పైకి ఎగదోపిన గళ్ళ లుంగీ, చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, ఎక్కడో వాన మొదలైందేమో అని చెవి ఒగ్గి వినేవాడు. ఎదుటివాడు ఎంత తొందరలో ఉన్నా సరే. నాకు చచ్చే విసుగొచ్చేది.

ఇక్కడ బ్రోకరు దగ్గరికి వెళితే మొదట అడిగేది ఒకటే. ఏ జాతి, ఏ మతం? ఆ తరవాతే ఎంతమంది, ఎన్నాళ్ళకి అనేవి. నిజం చెబితే అప్పటిదాకా ఖాళీగా ఉన్న గది ఆ నిమిషంలో నిండిపోతుంది. "మీరు మంచివాళ్ళే, నాకేం లేదు, ఇంటివాళ్ళే ఒప్పుకోరు" అంటారు. కొందరైతే ఆ ముక్క పలక మీదే రాసి పెట్టుకుంటారు, అందరికీ శ్రమ తగ్గుతుందని. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం వచ్చి ఓడల మీద మూటలు దింపాడు. ఆ రంగం ఇప్పుడు యాంగోన్ అయింది. మేం మాత్రం ఇంకా, ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగించుకుంటూనే ఉన్నాం.

ఆయన మొదట అడిగేది వేరు. "గాలి ఎటునించి కావాల?"

అప్పట్లో మేముంటున్న పాత మేడను కొనుక్కున్నవాళ్ళు పడగొట్టి కొత్తది కడతామన్నారు. వానాకాలం అయ్యేలోగా ఖాళీ చెయ్యాలి. ఇంట్లో ఇద్దరమే, అమ్మా నేనూ. అమ్మ జాకెట్లు కుడుతుంది. నేను ఓడల సరుకు చూసే ఒక ఆఫీసులో పనిచేస్తాను. ఎక్కడికెళ్ళినా గుమ్మంలోనే మా రంగు చూసి తలుపు దగ్గరికి వేసేవారు. అప్పుడు ఒక తెలివైన బ్రోకరు దొరికాడు. మాకు రెండు బర్మా పేర్లు పెట్టాడు. అమ్మకు పూల తమేన్ లుంగీ కట్టించి, బుగ్గల నిండా ఇక్కడివాళ్ళు పూసుకునే తనకా గంధం దట్టంగా పూయించాడు. "మీరు నోరు మెదపకండి, అంతా నేను చూసుకుంటాను" అన్నాడు.

అమ్మ నోరు మెదపలేదు. ఆ ఫ్లాటుకు చెక్క గడప కూడా లేదు. ఇనప గేటు జారే పట్టీ ఒకటి ఉంది, గ్రీజు పూసి. అమ్మ కుడికాలు లోపల పెట్టబోతూ వంగి, ఆ పట్టీని వేళ్ళతో తాకి, కళ్ళకు అద్దుకుంది. ఇంటాయన చూశాడు. మావాళ్ళను ఇక్కడ ఎగతాళిగా పిలిచే మాట ఒకటుంది. దాన్ని ఆయన పైకి అనలేదు, అనాల్సిన పని కూడా లేకపోయింది. మెట్లు దిగుతుంటే అమ్మ తనకా మీద, కనురెప్పల మీద నల్లటి గ్రీజు చారలు. బ్రోకరు మమ్మల్ని వదిలేసి ముందే దిగిపోయాడు.

"నాకు తెలీకండానే సెయ్యెల్లిపోనాదే అమ్మడూ" అంది అమ్మ, వేళ్ళు చూసుకుంటూ. అంత చిన్నబోయిన గొంతు అమ్మ దగ్గర అంతకుముందు వినలేదు. నాకు ఆ ఇంటాయన మీద కంటే అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఆ కోపానికి సిగ్గూ వేస్తుంది.

ఆ మొహాలతోనే వెళ్ళి టీకొట్టులో కూలబడ్డాం. మూల బల్ల దగ్గర పలక పక్కన కూర్చున్న పెద్దాయన అమ్మ వైపు చాలాసేపు చూసి, భుజం మీది తువ్వాలు అందించాడు. తెలుగులోనే అడిగాడు.

"గాలి ఎటునించి కావాల సెల్లెమ్మా?"

అమ్మ తువ్వాలు పట్టుకుని ఆయన వైపే చూసింది. అన్ని ఇళ్ళు తిరిగినా నీకేం కావాలని ఎవరూ అడగలేదు గదా మరి. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, మెల్లిగా చెప్పింది.

"గాలి ఎటునించొచ్చినా పర్నేదు అన్నయ్యా. కుట్టుమిసను కిటికీ కాడెట్టుకోవాల. పొద్దుటి ఎలుగు ఎడం పక్కన పడాల. కరెంటు ఎప్పుడుంటాదో ఎప్పుడుండదో."

"మరి అదీ మాట" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు. పడుకున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి, "నది ఈదిలో ఉందమ్మా ఒకటి. మెట్లు బాగా ఎక్కాల" అని లేచాడు.

ఆ మెట్లు ఎక్కడం నాకు బాగా గుర్తు. చీకటి మెట్లదారి, ఎవరింట్లోనో ఎండుచేప వేగుతున్న వాసన, బయట సన్నగా వాన. పై అంతస్తుల నుంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి, కొసన గంట కట్టి. పేపరు వాడో కూరల వాడో తాడు లాగితే పైన గంట మోగుతుంది, సరుకు తాడుకు కట్టి పైకి లాక్కుంటారు. ఏ గంట ఎవరిదో ఆయన ఎక్కుతూనే చెప్పాడు. ఈ గంటామెకు కోపం, ఈ గంటాయన మొన్ననే తాతయ్యాడు, అంటూ.

ఇంటావిడ పక్క ఫ్లాటులోనే ఉంటుంది. నడివయసు దాటిన బర్మా ఆవిడ. తాళం తీసి పక్కకు నిలబడింది. అమ్మ ఈసారి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లలా నిలబడింది. ఆయన గమనించాడు.

"ముట్టుకో సెల్లీ. నువ్వుండబోయే ఇంటి గడప నువ్వు ముట్టుకోకపోతే ఎవులు ముట్టుకుంటారు?"

ఇంటావిడ ఎదురుగానే అన్నాడు ఆ మాట. అమ్మ వంగి ముట్టుకుంది. నేను ఇంటావిడ మొహంలోకి చూశాను. ఇంటావిడ చెయ్యి చాచి, "కార్డు" అంది.

ఇక్కడ మా గుర్తింపు కార్డుల మీద ఒక గీత ఉంటుంది. జాతి, మతం, రెండూ ఆ గీత మీదే. ఎన్ని పేర్లు మార్చినా, ఎంత తనకా పూసినా చివరికి అందరూ చూసేది అదే. ఆయన అమ్మ దగ్గర కార్డు తీసుకుని ఇంటావిడ ముందు పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు సరిగ్గా ఆ గీత మీద ఉంది.

"ఊజీ, వేలు తియ్యి" అంది ఆవిడ.

"తీయకూడదు. చట్టం ఒప్పుకోదు" అన్నాడు ఆయన, చక్కటి బర్మా భాషలో, ఎంతో మర్యాదగా.

"ఏ చట్టం?"

"ఇల్లు ఇచ్చేవాళ్ళు జాతి అడగకూడదని. అమ్మేవాళ్ళూ అడగకూడదు."

"అలాంటిది ఎప్పుడొచ్చింది?"

"వస్తోంది. ఇన్ని మెట్లు ఎక్కాలి గదా, ఆయాసపడుతోంది."

ఆవిడకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. వేలు తీస్తే తప్ప మాట లేదంది. సరే, ఇల్లు చూసుకుని పోతాం అని ఆయన లోపలికి వెళ్ళి, తువ్వాలు దులిపి నేల మీద పరచుకుని, పడుకున్నాడు. చెప్పొచ్చేదేమిటంటే ఏ ఇంటికి వెళ్ళినా ఆయన అంతే. ఖాళీ గదిలో కాసేపు పడుకుంటే గాని ఆ ఇల్లు ఎలాంటిదో తెలియదనేవాడు. వెలుగు ఎటు జరుగుతుందో, పక్కింటివాళ్ళు ఎలా దగ్గుతారో, గాలి ఏ మూల ఆగిపోతుందో వినాలట. కాసేపటికి గురక కూడా మొదలైంది.

ఇంటావిడ నా వైపు చూసింది. నేను చుట్టూ ఉన్న గోడలు చూశాను. వాన పెద్దదయింది. ఎవరం ఎక్కడికీ పోవడానికి లేదు, మధ్యలో ఒక మనిషి గురక పెడుతున్నాడు. కిటికీలోంచి నది మీద వాన కనిపిస్తోంది. ఓడలు కూడా పడుకున్నట్టే ఉన్నాయి. ఎంతసేపు అలా నిలబడ్డామో, అమ్మ కళ్ళు మాత్రం ఆవిడ రవిక చంక దగ్గర ఆగిపోయాయి. "ఇక్కడ లాగుతోంది కదూ?" అంది అమ్మ బర్మా భాషలో. లాగుతోందని ఆవిడ ఒప్పుకుంది. అమ్మ దగ్గరికి వెళ్ళి కుట్టు వేళ్ళతో పట్టుకుని, చెయ్యి ఎత్తమంది. ఆవిడ ఎత్తింది. ఎవరు కుట్టారు, గుడ్డ ఎక్కడ కొన్నారు, ఈ మధ్య దారం ఒక్కసారి ఉతికితే రంగు పోతోంది, అని ఇద్దరూ మొదలుపెట్టారు. నన్ను మర్చిపోయారు.

ఆయన లేచి కూర్చునేసరికి ఇద్దరూ కిటికీ దగ్గర మిషను ఎటు తిప్పి పెట్టాలో మాట్లాడుకుంటున్నారు. ఆయన మళ్ళీ కార్డు పట్టుకుని, వేలు పెట్టి, ఆవిడ ముందుకొచ్చాడు. "సరే, ఊజీ. ఆ వేలు అక్కడే ఉండనీ" అంది ఆవిడ.

తరవాత చాలాకాలానికి అడిగాను. "మావయ్యా, ఆ రోజు నిజంగా నిద్రపోయావా?"

"సట్టం రావడానికి టయిం పడతాది గదమ్మడూ. అందాకా ఎవులో ఒకులు పడుకోవాల" అన్నాడు.

ఆ చట్టం ఆయనకు ఒక ఓడ మనిషి దగ్గర దొరికింది. సముద్రాలు తిరిగి వచ్చిన ఎవరో ఈ టీకొట్టులోనే చెప్పాడట. ఫలానా దేశంలో ఇల్లున్నవాడు నీది ఏ జాతి, నీ దేవుడెవరు అని అడగడానికి లేదు, ఆ కారణంతో కాదంటే కోర్టుకు పోవచ్చు అని. ఈయన మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అడిగి అడిగి విన్నాడు. దేశం పేరు మర్చిపోయాడు, చట్టం మాత్రం మనసులో ఉండిపోయింది. అప్పటినుంచి అది ఇక్కడికి బయలుదేరిందనే ఆయన నమ్మకం. వార్డు ఆఫీసు గోడ మీద అంటించి ఉంటుందట, ఇంటివాళ్ళు చదువుకుని తల గోక్కుంటూ ఉంటారట. "ఇంటివోడు ఏటడగొచ్చంటే, కుళాయి కట్టేస్తావా, పక్కోడితో తగువాడకండా ఉంటావా, అదీ. మరింకేటీ అడగరాదు" అని కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

నేను ఊరుకునే రకం కాదు. ఫోన్లో వెతికాను. "మావయ్యా, మన దగ్గర అలాంటిది లేదు. కార్డు మీద జాతి రాయమనేదే మన చట్టం" అన్నాను, కాస్త కటువుగానే.

"ఆ ఫోన్లోకి ఇంకా రానేదేమో" అన్నాడు.

ఆయన ప్రతిసారీ గెలిచాడనుకోకండి. ఎక్కువసార్లు ఓడిపోయాడు. మిగతా బ్రోకర్లు ఆయన్ని చూసి బొటనవేలు ఊపి నవ్వేవారు. ఒకరోజు టీకొట్టుకు వెళితే వేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఒక ముస్లిం మాస్టారి కోసం వెళ్ళాడట. గేటు ఊచల మధ్యలోంచి కార్డు చూపిస్తుంటే ఇంటివాడు ఇనప గేటును విసురుగా లాగాడు.

"ఏటయింది మావయ్యా?"

"సట్టానికి దెబ్బ తగిలిందమ్మా" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు, నాకు నవ్వు రాలేదు. గుడ్డ మీద రక్తం మరక పెద్దదవుతోంది. ఆ మాస్టారు ఎదురుగా తల వంచుకుని కూర్చుని ఉన్నాడు, తన వల్లే జరిగినట్టు. ఈయనేమో ఎడమచేత్తో ఆయన కప్పులో టీ పోస్తున్నాడు. ఆ గోరు తరవాత నల్లగా, వంకరగా పెరిగింది. ఆ వంకర గోరుతోనే కార్డులు పట్టుకునేవాడు. నాకు ఆ మనిషి మీద ప్రేమ కలిగింది ఆ రోజే.

నది వీధిలో కొన్నేళ్ళుండి, అమ్మ మిషనూ నా ఉద్యోగమూ కలిసొచ్చి మేం తాకేటాలో చిన్న చెక్క ఇల్లు కొనుక్కున్నాం. అదీ ఆయన చూసిందే. కింద మేం, పైన ఒక గది. కొనే ముందు పైగదిలో పడుకున్నాడు చూడండి, సాయంత్రం దాకా లేవలేదు. లేచి, "పాజుందౌ కాలవ మీంచి నేరుగా ఒస్తంది సెల్లీ గాలి" అన్నాడు, కల చెబుతున్నట్టు. అమ్మ అక్కడికక్కడే, "అయితే ఈ గది నీదే అన్నయ్యా. ఒచ్చీ" అంది.

అందరికీ ఇళ్ళు చూసే మనిషికి ఇల్లు లేదని అప్పుడే నాకు తెలిసింది. ఒంటరి ముసలివాళ్ళకు ఎవరూ గది ఇవ్వరట. "నాను గదిలో పోతే మళ్ళీ ఆ గదిలోకి ఎవులూ రారట. అదీ నిజవే గదేటి" అని వాళ్ళ తరపున ఆయనే సర్దిచెప్పాడు. తన విషయంలో మాత్రం చట్టం ఊసెత్తలేదు. వస్తాను, వస్తాను అంటూనే టీకొట్టు అటకలో ఉండిపోయాడు. అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం వచ్చి, అమ్మ పెట్టింది తిని, పైన చాప వేసుకుని నిద్రపోయి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాడు. అమ్మ ఆ గది ఎవరికీ ఇవ్వనిచ్చేది కాదు. రోజూ ఊడ్చేది. అద్దె వస్తే బాగుండునని నేను సణిగితే మిషను గట్టిగా తొక్కేది, నా మాట వినబడకుండా.

కబురు చెప్పినరోజు అమ్మ మిషను ఆపి, పైకి వెళ్ళి నేల మీద పడుకుంది. నేను కింద మెట్టు మీద కూర్చున్నాను. పైనుంచి ఏడుపు వినబడలేదు. చాలాసేపటికి దిగి వచ్చి మొహం కడుక్కుంది. వానలు వెనకబట్టాక ఒకరోజు తనే అంది, "ఆ గది ఇచ్చీసెద్దాం. కాళీగుంటే ఆడికి నచ్చదు" అని. అన్నయ్యను ఆడు అనడం అదే మొదటిసారి.

నేనొక కుర్ర బ్రోకరుకు చెప్పాను. వాడు వచ్చి గది ఫొటోలు తీసుకుని, ఫోన్లో టైపు చేస్తూ, "ఎవరెవరికి వద్దు? ముందే చెప్పేస్తే మీకు ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఇల్లున్నవాళ్ళను ఇలా అడుగుతారని నాకప్పుడే తెలిసింది. ఎంత మర్యాదగా అడిగాడో! జవాబు చెప్పడం ఎంత సులువో! అమ్మకు అర్థంకాక నా వైపు తిరిగి, "ఎవులికి ఒద్దేటి?" అంది. ఆలోచించి చెబుతానని వాణ్ణి పంపేశాను.

మరుసటి వారం వాడు ఒక జంటను తీసుకొచ్చాడు. ఇద్దరూ ఊరికి ఆ చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కలిసి పనిచేసేవారట, ఇప్పుడు ఇటువైపు పని దొరికింది. ఆ పిల్ల బుగ్గల నిండా తనకా, చాలా దట్టంగా. భర్త వెనకాల సంచులు పట్టుకుని నిలబడ్డాడు, అప్పటికే మేం కాదనేసినట్టు. గుమ్మం దాటుతూ ఆ పిల్ల కుడికాలు లోపల పెట్టి, పెదవులు కదిలించింది. చప్పుడు లేదు, ఒక చిన్న ప్రార్థన, అంతే. పెట్టాక గతుక్కుమని నా మొహంలోకి చూసింది. బ్రోకరు నా చెవి దగ్గరికి వచ్చి, "ముస్లింలు. గది అయిపోయిందని చెప్పేయనా?" అన్నాడు.

నాకు భయం వేసింది, దాచడమెందుకు. పక్కింటావిడ ఏమంటుందో తెలుసు. మా మీద మళ్ళీ ఆ పాత మాట పడుతుందని తెలుసు. ఇన్నాళ్ళకు ఎవరి కంటా పడకుండా బతుకుతున్నాం. "కాసేపు ఆగు" అన్నాను గానీ, ఆగి ఏం చెయ్యాలో తెలియలేదు. బ్రోకరు వాళ్ళ కార్డులు నా చేతికి ఇవ్వబోయాడు.

అమ్మ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి కార్డులు తనే అందుకుంది. ఆ పిల్లది పైన పెట్టుకుని కళ్ళకు దూరంగా పట్టుకుంది, కళ్ళజోడు లేదు. సూది పోట్లతో గరుకెక్కిన అమ్మ బొటనవేలు మెల్లగా జరిగి, ఆ గీత మీద ఆగింది.

"చూశారా?" అన్నాడు బ్రోకరు.

"చూశాను. ఫొటో బావుంది" అంది అమ్మ, బర్మా భాషలో. వేలు తియ్యలేదు. ఆ పిల్ల వైపు తిరిగి అడిగింది. "గాలి ఎటునుంచి కావాలమ్మా?"

ఆ పిల్ల భర్త వైపు చూసింది, బ్రోకరు వైపు చూసింది.

"పరవాలేదు, ఇప్పుడే చెప్పక్కర్లేదు. పైకెళ్ళి కాసేపు పడుకుని చూడు" అని, అమ్మ నా వైపు తిరిగింది. "ఏటలా నిలబడిపోనావు? సాపట్రా."

మిషను వెనకాల చుట్టి ఉన్న ఆయన చాప తీసుకుని, వాళ్ళకంటే ముందు మెట్లెక్కాను.